ఇచ్చట కోపం సప్లై చేయబడును

బెంగళూరు ప్రజలకు ఒక సంతోష వార్త. బెళ్ళందూరు ఫ్లైఓవర్ కింద పొద్దున ఏడు గంటలకి పోతే మీకు ఏ రకం కోపం కావల్లన్నా దొరుకుతాది. దేవుడు లేడన్నోళ్ళ మీద కోపం, ఉన్నాడన్నోళ్ళ మీద కోపం, గ్యాసు ధర మీద కోపం, పక్క రాష్ట్రం మీద కోపం. అంతా ఫ్రెష్ మాలు. జెండా మీరు తెచ్చుకోవల్ల, గొంతు వాళ్ళు తెస్తారు.

ఈ సదుపాయాన్ని నగరానికి కలగజేసిన మహానుభావుడు జయరామప్ప మేస్త్రీ. కదిరి తట్టు మనిషి. మొదట్లో ఆయన కూడా అందరు మేస్త్రీల మాదిరే కట్టడాల పనికి కూలోళ్ళను తోలేవాడు. ఒకసారి ఎవరో లీడరు మీటింగుకి జనం చాలక, సైటులో ఇటుకలు మోసేవాళ్ళను అట్లే లారీ ఎక్కించుకొని పోయినారు. సాయంత్రం తిరిగొచ్చిన వాళ్ళ మొహాలు చూసినాడు జయరామప్ప. ఒక్కరు కూడా నడుము పట్టుకోలేదు. ఇటుక మోస్తే నడుము నొస్తాది, జై కొడితే గొంతు మాత్రమే నొస్తాది. గొంతులోకి బెల్లం కాఫీ పోస్తే సరిపోతాది, నడుములోకి ఏం పోస్తాం? ఆ ఒక్క ఆలోచనతో ఆయన జాతకం మారిపోయింది.

జయరామప్పకి కులం పట్టింపు లేదు, మతం పట్టింపు లేదు, పార్టీ అసలే లేదు. ఈ నగరంలో నిజమైన లౌకికవాది ఎవరని నన్నడిగితే ఆయన పేరే చెప్తా. ఆయన స్కూటర్ డిక్కీలో అన్ని రంగుల కండువాలూ ఒకదాని మీద ఒకటి ఎంతో స్నేహంగా పడుకొని ఉంటాయి. ఒకదాని రంగు ఇంకోదానికి అంటకుండా వాటిని వేరేవేరేగా ఉతికేది ఆయన భార్య బాలమ్మ.

బాలమ్మే ఆ గుంపుకి మొదటి గొంతు. ఆమె ఒకసారి ఎత్తుకుంటే వెనక నలభై మంది అందుకుంటారు. పని ఒప్పుకునే ముందు ఆమె అడిగేది ఒకటే మాట. "వర్ధిల్లాల్నా, నశించాల్నా? అది చెప్పండి చాలు. ఎవరనేది అక్కడికి వచ్చినాక చూసుకుంటాం."

ఆ గుంపుకి రెండు నియమాలు ఉండాయి. ఒకటి, పని స్థలానికి పోతానే ముందు క్యారియర్లు పెట్టేదానికి కుక్క ముట్టనిది, చీమ ఎక్కనిది, నీడగా ఉండే చోటు ఒకటి చూసుకోవల్ల. రెండు, ఒంటిగంటకి అన్నం. నినాదం నడిమధ్యలో ఉన్నా సరే. "నశిం" దగ్గర ఒంటిగంటయితే మిగతా సగం చేయి కడుక్కున్నాక. ఎంత పెద్ద లీడరైనా ఈ రూలుకి తల వంచాల్సిందే.

ఇంక ఈ ఏడు సంగతి. హరి అని ధర్మ గర్జన సేనకి అధ్యక్షుడు ఒకాయన ఉండాడు. ఆ సేనలో ఒక జీపు, ఒక లెటర్‌హెడ్డు, హరి, హరి బామ్మర్ది ఉండారు. మిగతా సేన అంతా జయరామప్ప దగ్గర బాడుగకి. కార్పొరేషన్ ఎలక్షన్లలో టికెట్ కోసం హరి తిరగతా ఉండాడు. ఆయన జయరామప్పను పిలిచి భుజం మీద చేయి వేసినాడు.

"జయరామప్పా, టికెట్ వస్తే వార్డులో మీటింగులన్నీ నీకే. ఊరేగింపులు, ధర్నాలు, పుట్టిన రోజులు, మొత్తం సీజను నీదే. కానీ ముందు ఒక శాంపిల్ చూపియ్యల్ల. ఈ ఆదివారం సర్జాపుర రోడ్డులో ఎవరో దేవుణ్ణి పెట్టెలో పెట్టి ఆట ఆడిస్తారంట, అక్కడ ఒక గలాటా చెయ్యల్ల."

జయరామప్ప లెక్క వేసుకున్నాడు. వానాకాలంలో కట్టడాలు ఆగిపోతే ఫ్లైఓవర్ కింద నలభై ఇండ్లకి పొయ్యి ఆరిపోతాది. ఈ ఒక్క ఆర్డరు పడితే ఆ దిగులు లేదు. చేయి జోడించి సరే అన్నాడు. పాపం, ఆ ఆటలో అరిచేదానికి అంతకుముందే ఇంకో ఆర్డరు తీసుకొని ఉండాడని హరికి చెప్పలేదు.

ఆ ముందు ఆర్డరు ప్రియాంక అనే అమ్మాయిది. హైదరాబాదు పిల్ల. జర్మనీలో కళ చదువుకొని వచ్చి, సర్జాపుర రోడ్డులోనే మూతబడిన టైల్స్ గోడౌన్ ఒకటి బాడుగకి తీసుకుంది. టైల్స్ పోయినాయి, దుమ్ము అట్లే ఉండాది, దాన్నిప్పుడు ఆర్ట్ స్పేస్ అంటారు. ఆ అమ్మాయి కారు దిగి నేరుగా విషయానికి వచ్చింది.

"అంకుల్, నాకు మతిపోయిన మూక ఒకటి కావాలి."

"ఎంతసేపు పోవల్లమ్మా మతి? హాఫ్ డేనా, ఫుల్ డేనా?"

"పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా. ఇది ఇన్‌స్టలేషన్ అంకుల్. సైన్సు, రాజకీయం, మూఢభక్తి, మూడూ ఒకటే నురగ అని నా స్టేట్‌మెంట్."

ఆ తర్వాత ఆ అమ్మాయి పావుగంట సేపు వివరించింది. జయరామప్పకి అర్థమైన మటుకు మీకు చెప్తా. గోడౌన్ నడిమధ్యలో మనిషి ఎత్తు అద్దాల తొట్టి. దాంట్లో నురగ మిషను. దానికి శబ్దం కొలిచే యంత్రం తగిలించి ఉంటారు. జనం ఎంత గట్టిగా అరిస్తే తొట్టిలో అంత నురగ పొంగుతాది. తొట్టి పక్కన అరుగు మీద నల్లగుడ్డ కప్పిన పెద్ద పెట్టె. సగం మంది పెట్టెలో దేవుడున్నాడని అరవల్ల. సగం మంది కాదు, అది యంత్రమని అరవల్ల. చివరికి ఆ అమ్మాయి గుడ్డ లాగుతాది.

"లోపల ఏముంటాదమ్మా?" అన్నాడు జయరామప్ప.

"శూన్యం అంకుల్."

"శూన్యం మీరే తెస్తారా, మేము తేవల్నా?"

"అది ఉంటుంది అంకుల్, తేనక్కర్లేదు."

పనిచ్చే పార్టీయే మెటీరియల్ పెట్టుకుంటా ఉంటే మనకేం బాధ అనుకున్నాడు జయరామప్ప.

మూడో ఆర్డరు లలిత్‌ది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. విజ్ఞాన జ్వాల వేదిక అని నడుపుతా ఉండాడు. హరి సేన వచ్చి కళాస్వేచ్ఛ మీద దాడి చేస్తాదని తెలిసి, దానికి ఎదురు నిలబడేదానికి మనుషులు కావల్ల అని ఫోన్ చేసినాడు.

"మీ వేదికలో శానా మంది ఉండారు కదా సార్?"

"వేలల్లో ఉన్నారండీ. కానీ అందరూ ఆన్‌లైన్‌లో ఉంటారు. ఎండకి రారు."

ఆ ఆదివారమే దేవనహళ్ళి తట్టు పెద్ద స్లాబు పని పడింది. అడ్డాలో మిగతా మేస్త్రీల కూలోళ్ళంతా ఆ కాంక్రీటుకి పోయినారు. మిగిలింది జయరామప్ప నలభై మందే. ఆర్డర్లు మూడు. లేదు అనే మాట జయరామప్పకి పుట్టుకతోనే రాదు. అందుకే ఒక ఏర్పాటు చేసినాడు. గేటు ఎడమ పక్క హరి ధర్నా, కుడి పక్క లలిత్ ధర్నా, లోపల ప్రియాంక కళ. గోడౌన్‌కి వెనక ఒక షట్టర్ ఉండాది. కాసేపు బయట అరిచి, వెనక పక్క నుంచి లోపలికి వచ్చి, కండువా మార్చుకొని లోపల అరిచి, మళ్ళీ బయటికి. బిందెలోని నీళ్ళనే మూడు చెంబుల్లో పోసి చూపించే మాదిరి.

ఆదివారం రానే వచ్చింది. లోపలికి పోతానే నియమం ప్రకారం క్యారియర్లకి చోటు వెతికినారు. కుక్క లేనిది, చీమ లేనిది, నీడ పట్టున ఉండేది. చల్లగా నల్లగుడ్డ కప్పుకొని ఒక పెట్టె కనిపించింది. లోపల చూస్తే ఖాళీ. కళ ఇంత సదుపాయంగా ఉంటాదని బాలమ్మ అనుకోలేదు.

కార్యక్రమం దివ్యంగా మొదలయింది. హరి జీపు బానెట్ ఎక్కి, "ఈ దేశంలో సైన్సుని కనిపెట్టిందే మనం! అందుకే సైన్సు పేరు చెప్పి మనల్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు!" అని గర్జించినాడు. గోడకి అవతల లలిత్ మెగాఫోన్ పట్టుకొని, "ఏదీ గుడ్డిగా నమ్మొద్దు! ఈ మాట నేను చెప్తున్నాను, ప్రశ్నించకుండా నమ్మండి!" అన్నాడు. రెండు పక్కలా ఒకే మాదిరి చప్పట్లు పడినాయి. చేతులు ఒకటే కాబట్టి అట్ల పడల్ల కదా.

ఒక్క పొరపాటు జరిగింది. అంజి అనే మనిషి తొందరలో ఒక కండువా తీయకుండా ఇంకోటి వేసుకొని గేటు దగ్గరికి వచ్చేసినాడు. సీజను పోయింది అనుకున్నాడు జయరామప్ప. హరి అంజిని చూసినాడు. రెండు కండువాలూ చూసినాడు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "వాళ్ళను వదిలేసి మన పక్కకి వస్తా ఉండాడు, చూడండి!" అని కౌగిలించుకున్నాడు. అవతల లలిత్ అదే అంజిని చూపించి, "మూఢత్వం నుంచి వెలుగులోకి ఒక అడుగు!" అని ఫోటో తీసి పెట్టినాడు. అంజి రెండు చోట్లా దండం పెట్టి, మూత్రానికి పోవల్లని చెప్పి తప్పించుకున్నాడు.

లోపల చూసేదానికి వచ్చినోళ్ళంతా పెద్దమనుషులు. నలగకుండా నలిగినట్టు కనిపించే ఖరీదైన బట్టలు, చేతిలో కోకం షర్బతు. వాళ్ళల్లో ఇద్దరి గురించి మీకు చెప్పల్ల. గురుమూర్తి, రిటైరైన బ్యాంకు మేనేజరు. రాజగోపాల్, కంపెనీలో డైరెక్టరు. ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంటు, ఒకరి నెత్తిన ఒకరి ఫ్లాటు. బాలమ్మ పిడికిలి బిగించి "పెట్టెలో ఉన్నది దేవుడే!" అని అరుస్తా ఉంటే గురుమూర్తి మురిసిపోయినాడు.

"ఆమె కండ్లల్లో ఆ ఆవేశం చూడప్పా. చదువు లేని జనాలని ఎట్ల రెచ్చగొడతారో, పాపం."

"ట్రాజిక్ సార్. రియల్లీ ట్రాజిక్," అన్నాడు రాజగోపాల్.

ఆ టైములో బాలమ్మ కండ్లల్లో ఉన్నది ఆవేశం కాదు. పొద్దున గ్యాసు ఆపినానా లేదా అనే ఆలోచన.

నలభై మందీ ఒళ్ళు దాచుకోకుండా అరిచినారు. తొట్టిలో నురగ మోకాలి ఎత్తుకి పొంగింది. ప్రియాంక మొహం వెలిగిపోయింది. అంతలో ఒంటిగంటయింది.

"పెట్టెలో ఉన్నది దే..." అన్న బాలమ్మ నోరు మూసింది. అవతల వరస "యం..." దగ్గర ఆపేసింది. గోడౌన్‌లో సూది పడితే వినిపించే నిశ్శబ్దం. నురగ బుస్సుమని దిగిపోయింది. ఇదంతా ముందే అనుకున్న కళ కాబోలని పెద్దమనుషులు ఊపిరి బిగబట్టినారు. ఇదే సమయమని ప్రియాంక అరుగెక్కి నల్లగుడ్డ సర్రున లాగింది.

లోపల నలభై క్యారియర్లు, నీళ్ళ క్యాను ఒకటి, అంజి కొత్త చెప్పులు.

బయట ఉన్నోళ్ళతో సహా నలభై మందీ వరసగా వచ్చి ఎవరి క్యారియరు వాళ్ళు తీసుకున్నారు. దేవుడు ఉన్నాడన్నోళ్ళూ యంత్రమన్నోళ్ళూ గోడ వారగా కండువాలు పరుచుకొని, కలిసి కూర్చొని మూతలు తీసినారు. చప్పట్లతో గోడౌన్ దద్దరిల్లింది. ఒకాయనైతే "శూన్యానికి ఆకలి వేయడం!" అని కండ్లు తుడుచుకున్నాడు. ప్రియాంక మొదట గుడ్డ మళ్ళీ కప్పబోయినా, చప్పట్లు విని నింపాదిగా తల ఊపింది. జర్మనీ చదువు ఊరికే పోదు.

సరిగ్గా అప్పుడు గురుమూర్తి ముక్కు ఎగబీల్చినాడు.

"ఇది చికెన్ వాసన. దేవుడి పెట్టెలో చికెన్ పెడతారా?"

"వన్ మినిట్ సార్," అన్నాడు రాజగోపాల్. "అది దేవుడి పెట్టె అని ఎవరు చెప్పారు? అది యంత్రం."

"పొద్దున నుంచి వాళ్ళు అరిచింది వినలేదా?"

"నేను విన్న సైడు యంత్రం అనే అరిచారు."

"అయితే నా నమ్మకం తప్పంటావా?"

"మీ నమ్మకం కాదు సార్, మీ ముక్కు తప్పు. అయినా చికెన్ తింటే తప్పేంటి?"

బాలమ్మ లేచి వచ్చింది. "సార్, చికెన్ కాదు సార్. రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి. కావల్లంటే చూడండి," అని డబ్బా తెచ్చి ఆయన ముక్కు కిందనే పెట్టింది. పెట్టె తెరిచే ఉండాది. డబ్బా తెరిచే ఉండాది. లోపల ఏముందో చూసేంత తీరిక మాత్రం ఇద్దరికీ లేదు. డబ్బా మీదుగానే ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు.

అంతే. కోకం షర్బతు గ్లాసులు కింద పడినాయి. పక్కనున్నోళ్ళు విడదీసేదానికి వచ్చి తలా ఒక పక్క చేరినారు. తినేది మా ఇష్టం అని కొందరు, లిఫ్టులో వాసన వస్తాదని కొందరు. మా భాష, మీ భాష, మా ఊరి చెరువు, మీ ఊరి ఓట్లు, నాలుగేండ్ల కింద పార్కింగు దగ్గర జరిగింది, అన్నీ బయటికొచ్చినాయి. ఒకామె శబ్దం కొలిచే యంత్రం దగ్గరికే పోయి అరిచింది. తొట్టిలో నురగ మోకాలు దాటింది, నడుము దాటింది. అంచు మీదుగా పొర్లి అరుగెక్కింది. నలభై మంది అనుభవజ్ఞులు పొద్దంతా కష్టపడి తెచ్చిన నురగకి ఇది పదింతలు.

జయరామప్పకి తెలిసిన మందు ఒకటే. కుర్చీ ఎక్కి గట్టిగా అన్నాడు. "సార్! అమ్మా! ఒంటిగంట దాటిపోయింది. ముందు తినండి. మిగతాది తిన్నాక చూసుకుందురు!"

గురుమూర్తి ఒక్క క్షణం ఆగినాడు. "నువ్వెవరయ్యా? ఏ సైడు?"

"నేను సప్లై సైడు సార్."

ఆ సైడు ఎవరికీ పట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టినారు.

నురగ షట్టర్ కింద నుంచి సర్జాపుర రోడ్డు మీదికి వచ్చింది. ఎప్పటి మాదిరే బెళ్ళందూరు చెరువు నురగ పొంగింది కాబోలని జనం మామూలుగా సెల్ఫీలు తీసుకున్నారు. ట్రాఫిక్ ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు, అది అంతకుముందు కూడా ఆగే ఉండింది కదా.

బయట తన ధర్నా ఖాళీ అయిపోయిందేమని చూసేదానికి హరి లోపలికి వచ్చినాడు. ఆయన వెనకే లలిత్. గోడ వారగా హరి సేన, లలిత్ వేదిక ఒకే ఊరిబిండిలో వేళ్ళు ముంచి తింటా ఉండాయి. కూర్చునేదానికి పరుచుకున్నది వాళ్ళ జెండా రంగుల కండువాలే. పట్టుబడిపోయినా అని జయరామప్ప కండ్లు మూసుకున్నాడు.

కానీ హరి అక్కడ చూడటం లేదు. నడుము లోతు నురగలో బల్ల ఎక్కి నిలబడి, గొంతు నరాలు తేలేటట్టు అరుస్తా ఉన్న గురుమూర్తిని చూస్తా ఉండాడు. అర్చకుడు గర్భగుడిలోకి చూసినట్టు చూస్తా ఉండాడు.

"జయరామప్పా, ఈయప్ప ఏ మేస్త్రీ మనిషి?"

"ఏ మేస్త్రీ మనిషీ కాదన్నా. సొంతం."

"భోజనం?"

"ఇంట్లో తినొస్తాడు."

"కూలి?"

"సుమ్నే అన్నా. ఊరికే అరుస్తాడు."

హరి నురగలోకి దిగి గురుమూర్తి ఫోన్ నంబరు తీసుకున్నాడు. అవతల లలిత్ అప్పటికే రాజగోపాల్ నంబరు తీసుకొని ఉండాడు. ఆ పొద్దుతో ఇద్దరు నాయకులకీ బాడుగ జనం అక్కర తీరిపోయింది. ధర్మ గర్జన సేనకీ, విజ్ఞాన జ్వాల వేదికకీ ఆ అపార్ట్‌మెంటులోనే శాఖలు తెరిచినారు. పొద్దున పాలు కాగకముందే ఫోన్ గ్రూపులో గలాటా మొదలవుతాది, ఎండ లేదు, లారీ లేదు, కండువా లేదు. ఒంటిగంట అయినా ఆపేవాళ్ళు లేరు.

సీజను ఆర్డరు పోయింది. ఫ్లైఓవర్ కింద జయరామప్ప స్కూటర్ మీద కూర్చుంటే బాలమ్మ తలలో పేలు చూసుకుంటా అనింది. "మన తప్పేముందయ్యా? మనం అరిచి ఇంటికి పోతాము. వాళ్ళు ఇంట్లో కూర్చునే అరుస్తా ఉండారు. అట్లాటోళ్ళతో పోటీ పడేదానికి మనకి చదువు చాలదు."

వాన మొదలయింది. కట్టడాలు ఆగిపోయినాయి. నలభై మందీ మళ్ళీ ఊరికి బస్సు ఎక్కే ఆలోచనలో ఉండగా జయరామప్పకి ఒక ఫోన్ వచ్చింది. గురుమూర్తి.

"ఏమప్పా జయరామప్పా, మనుషులు దొరుకుతారా?"

"దొరుకుతారు సార్. అరిచేదానికేనా?"

"అరిచేదానికి నేనే ఉండాను కదప్పా. వినేదానికి కావల్ల." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "ఇంట్లో మా ఆవిడ శైలజ చెవుల్లో ఆ వైర్లు పెట్టుకొని తీయడం లేదు. గ్రూపులో అందరూ పెట్టేవాళ్ళే, చదివేవాళ్ళు లేరు. ఎదురుగా ఒక మనిషి కూర్చొని అవును సార్, అవును సార్ అంటే చాలు."

ఇప్పుడు బాలమ్మ పొద్దున పదింటికి గురుమూర్తి సోఫాలో కూర్చుంటాది. ఆయన చెప్తాడు, ఆమె తల ఊపుతాది. ఒంటిగంటకి క్యారియరు విప్పుతాది. ఆ రూలుకి ఇక్కడ కూడా ఎదురు లేదు. తిన్నాక లిఫ్టెక్కి పై అంతస్తులో రాజగోపాల్ ఇంటికి పోయి సాయంత్రం దాకా ఆయనకి తల ఊపుతాది. తల నిలువుగా ఊపేది ఒకటే కాబట్టి వర్ధిల్లాల్నా నశించాల్నా అని కూడా అడిగే పని లేదు. అంజికి లలిత్ ఇల్లు. హరికైతే ముగ్గురు కావల్సి వచ్చినారు. బెళ్ళందూరు నుంచి సర్జాపుర దాకా ఆర్డర్లే ఆర్డర్లు. ఇటుక మోస్తే నడుము, జై కొడితే గొంతు, ఈ పనికి మెడ నొస్తాదని బాలమ్మ అంటాది. అందుకే దీనికి కూలి ఎక్కువ.

ఒకటే ఇబ్బంది. నగరంలో చెప్పేవాళ్ళు ఇంతమంది ఉండారు, వినేదానికి నలభై మంది ఏ మూలకి? జయరామప్ప మనుషుల కోసం వెతకతా ఉండాడు. ఇంతసేపు నోరు మెదపకుండా, మధ్య మధ్య తల ఊపుకుంటా ఇదంతా చదివినారు కదా, మీలో ఆ అర్హత పుష్కలంగా ఉండాది. రేపు పొద్దున ఏడింటికి ఫ్లైఓవర్ కిందికి రండి. కండువా తెచ్చే పని లేదు. క్యారియరు మర్చిపోవద్దండి. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రండి.